గడ్డి దుడ్డె

ఆదివారం పొద్దున బల్ల వేసేలోపు మంజుల చేయాల్సిన పనులు ఇవి:

లైబ్రరీ సందులో బల్ల వేసుకుంటామని ఆ ఎదురు జిరాక్స్ దుకాణం అన్నకు మళ్ళీ ఒకసారి చెప్పడం.

ప్రభావతమ్మ గారి వంటింట్లో పాల గిన్నెలు, పెరుగు గిన్నెలు వేరే అరలోకి మార్పించడం. కేకు గిన్నెలు కొత్త పీచుతో తోమి ఎండబెట్టడం.

కొబ్బరిపాలు, బెల్లం, జొన్నపిండి, నువ్వులు, మగ్గిన అరటిపండ్లు తేవడం. గోధుమపిండి ఉదయశ్రీ అక్క తెస్తానంది, గుర్తు చేయడం.

బోర్డు రాయడం. అక్షరాలు రోడ్డు అవతలి నుంచి కనబడాలి.

మైకులో మాట్లాడేది అద్దం ముందు అనుకొని చూసుకోవడం. ఏడవకూడదు.

నవతను పిలవడం. రానంటే లాక్కొని రావడం.

చివర అనుకున్న పనినే మంజుల అన్నిటికంటే ముందు చేసింది. అశోక్‌నగర్ హాస్టల్లో వాళ్ళిద్దరిదీ ఒకటే గది. కిటికీ పక్క మంచం నవతది, తలుపు పక్కది మంజులది. ఇద్దరూ గ్రూప్స్‌కు చదువుతున్నారు. నవతకు పాలు పడవు. పడవంటే కాసేపు కడుపు నొచ్చి ఊరుకునే రకం కాదు. చిన్నప్పుడు ఎవరో ముద్దుకొద్దీ నోట్లో కోవా పెడితే ఊపిరి అందక నీలమైపోయిందట. తండ్రి భుజాన వేసుకొని కరీంనగర్ ఆస్పత్రికి పరుగెత్తాడట. అప్పటి నుంచి ఏ వంటైనా అడగకుండా నోట్లో పెట్టదు. మెస్‌లో పెరుగు గరిటె పప్పు గిన్నెలో మునగకముందే వెళ్ళి వడ్డించుకుంటుంది. హాస్టల్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా ఫోటోలు తీసేది నవతే. చేతిలో ఫోను ఉంటే ఎవరూ నోట్లో కేకు ముక్క కుక్కరని ఆమె కనిపెట్టిన ఉపాయం.

"ఆదివారం నువ్వు రావాలె. కేకులు, బిస్కెట్లు, అన్నీ నువ్వు తినేటియే," అంది మంజుల.

"ఎగ్‌లెస్ అని అంటరు, అండ్ల వెన్న ఉంటది. నాకు తెల్వని ముచ్చటనా?"

"ఎగ్‌లెస్ కాదే, వీగన్. పాలు లేవు, పెరుగు లేదు, వెన్న లేదు, నెయ్యి లేదు. ఆఖరికి తేనె గూడ లేదు."

"ఇగ ఏమున్నట్టు అండ్ల? పిండీ, గాలీనా?"

"తిని చెప్పరాదు. అన్నీ నా చేతుల మీదనే అయితయి. కండ్లు మూసుకొని తిను."

నవత చేతిలోని పుస్తకం మూసింది. జోక్ మానేసి అడిగింది. "నిజంగ నువ్వే జేస్తవా?"

"నేనే జేస్త."

"అయితే తింట. నాకు అరటిపండు కేకు కావాలె. పెద్ద ముక్క."

ఆ మాట మంజులకు బాగా పట్టింది. ఆదివారం అమ్మకంలో వచ్చే డబ్బు అంబర్‌పేట్‌లో కడుతున్న షెడ్డుకు. బండ్లు గుద్దిన కుక్కలను, దిక్కులేని ముసలి ఎద్దులను అక్కడ ఉంచి వైద్యం చేయిస్తారు. పాలు లేకుండా కూడా రుచిగా తినొచ్చని నలుగురికీ చూపించడం రెండో పని. ఆ రెండూ ముఖ్యమే, కాదనదు. కానీ మంజుల లోపల్లోపల ఎదురుచూసింది మాత్రం నవత నోట్లో మొదటి ముక్క పడే క్షణం కోసం.

మంజులది జనగామ దగ్గర పల్లె. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. ఆ డిగ్రీ బర్రెల పాల మీదే అయింది, ఆ సంగతి ఆమె ఎక్కడా దాచదు. ఇంట్లో బర్రెకు మగ దుడ్డె పుడితే దానికి పాలు వదలడం దండగని తల్లి దగ్గర కడుపునిండా తాగనిచ్చేవారు కాదు. నాలుగు రోజులు అరిచి అది చచ్చిపోయేది. దుడ్డె కనబడకపోతే బర్రె పాలు చేపదు, పొదుగులోకి దిగనివ్వదు. అందుకని మంజుల తండ్రి పెద్దులు చచ్చిన దుడ్డె తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి, కట్టెపుల్లలతో కాళ్ళు నిలబెట్టి, పాలు పిండే వేళకు తల్లి ముందు ఉంచేవాడు. అది పడిపోకుండా పట్టుకోవడం చిన్నప్పుడు మంజుల పని. బర్రె ఆ గడ్డి దుడ్డెను నాకేది. చెవులు, మూతి, మెడ వదలకుండా నాకుతూ నాకుతూ చేపేది. పెద్దులు పిండుకునేవాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఊళ్ళో పాలు పోసే వాళ్ళందరూ చేసే పనే అది. కానీ బర్రె నాలుక ఒక్కోసారి పట్టుకున్న మంజుల చేతికి కూడా తగిలేది. ఆ గరుకు ఆమె చేతి మీది నుంచి ఇప్పటికీ పోలేదు.

ఆ సంగతి ఆమె మొదట చెప్పింది ఉదయశ్రీకే. ఉదయశ్రీ వాళ్ళది చిక్కడపల్లిలో సొంతిల్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో మూగజీవాల కోసమని ఒక బృందాన్ని నడుపుతుంది. లైబ్రరీ ఆవరణలో వాళ్ళు కరపత్రాలు పంచుతుంటే మంజుల ఆగి, ఏదో అడగబోయి గడ్డి దుడ్డె గురించి చెప్పేసింది. ఉదయశ్రీ అందరి ముందూ ఏడ్చింది. "ఇన్ని రోజులు యాడున్నవ్ చెల్లె నువ్వు?" అని మెడ చుట్టూ చేతులు వేసింది. ఆ రోజే ఇంటికి తీసుకుపోయింది. వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి పంపేయలేదు. చెయ్యి పట్టుకొని తిన్నగా వంటింట్లోకి తీసుకుపోయి, "అమ్మా, నీకు ఇంకో బిడ్డ," అంది. ఊరి నుంచి వచ్చిన పిల్లకు పట్నంలో అట్లాంటి తలుపు తెరుచుకోవడం చిన్న సంగతి కాదు. ఆ తర్వాత అక్క పొమ్మన్న చోటికల్లా మంజుల పోయింది. అక్క మాట్లాడమన్న ప్రతి మీటింగులోనూ గడ్డి దుడ్డె గురించి చెప్పింది. "మన మంజుల, పాలు పోసే ఇంటి బిడ్డ," అని ఉదయశ్రీ పరిచయం చేసేది. జనం కళ్ళు తుడుచుకునేవారు.

పాలు మానేసిన సంగతి ఇంట్లో చెప్పడమే కష్టమైంది. ఆదివారానికి వారం ముందు తల్లి భూదేవి హాస్టల్‌కు వచ్చింది. సంచిలోంచి పాత పచ్చడి సీసా తీసింది. నిండా నెయ్యి, పూసలు పూసలుగా పేరుకొని ఉంది.

"మునగాకు ఏసి కాచిన బిడ్డా. నీకు ఆ వాసన పానం గద."

"అమ్మా, నేను నెయ్యి తింటలేనని ఫోన్ల చెప్పిన గద."

"నెయ్యేం జేసిందే నిన్ను? గది తినే ఇంత పొడుగైనవ్."

"నన్నేం జేయలే. బర్రె గురించి..."

"బర్రె గురించి నాకు చెప్తవా? అది ఈనలేక కొట్టుకుంటుంటే కొట్టంల దాని తల ఒళ్ళె పెట్టుకొని కూసున్నది నేనా, నీ ఉదయశ్రీ అక్కనా?"

భూదేవి సీసాను కిటికీలో పెట్టి, కొంగుతో దాని మూత ఒకసారి తుడిచి బస్సుకు వెళ్ళిపోయింది. నవత ఉండే గదిలో ఆ సీసా ఉండటానికి వీల్లేదు. పారేయడానికి మంజులకు చేయి రాలేదు. ఆ సాయంత్రమే చిక్కడపల్లి వెళ్ళి ఉదయశ్రీ తల్లి ప్రభావతమ్మకు ఇచ్చింది. ఉదయశ్రీ తల్లిదండ్రులు పాలూ పెరుగూ మానలేదు, అదేం రహస్యం కాదు. ప్రభావతమ్మ మూత తీసి, కళ్ళు మూసుకొని వాసన చూసింది.

"అబ్బ, ఎంత కమ్మగున్నదమ్మా! ఇసొంటి నెయ్యి చూసి ఎన్నేండ్లయింది! దేవుని దీపానికి పెట్టుకుంట."

దీపానికైతే మంచిదే అనుకుంది మంజుల.

శనివారం పొద్దుటి నుంచీ ఆ వంటిల్లు బట్టీలా కాలింది. మంజుల ముందు అరలన్నీ తుడిచి, గిన్నెలన్నీ తోమి, అప్పుడు పిండి ముట్టుకుంది. వరండాలో పేపరు చదువుతున్న కిషన్ రావు గారు, ఉదయశ్రీ తండ్రి, కళ్ళజోడు కిందికి జార్చి చూశాడు.

"ఏమమ్మా మంజులా, నా చాయ్‌ల పాలు గూడ అరెస్టేనా?"

"లేదంకుల్. మీ చాయ్ బయటి స్టవ్ మీద."

"అంటే నా ఇంట్ల నన్నే మైల జేసిన్రన్నట్టు!"

"ఒక్క రోజే గద నాన్నా, జర ఓర్చుకో," అంటూ ఉదయశ్రీ నవ్వింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య జొన్న బిస్కెట్లు, నువ్వుల బిస్కెట్లు వాయి తర్వాత వాయి దిగాయి. బాగా కుదిరాయి. మధ్యాహ్నం అరటిపండు కేకు మొదటి వాయి దింపి కోసి చూశారు. ఉదయశ్రీ ముక్క నమిలి మొహం కొంచెం వంకర పెట్టింది.

"జర సప్పగలేదా?"

"బెల్లం పెంచుదామా అక్కా?"

"బెల్లం కాదు, అదేదో తక్కువైంది. సరే, చూద్దాం తియ్. నువ్వు పోయి బోర్డు రాయి. మిగిలిన కేకులు అమ్మ, నేను చూసుకుంటం."

మంజుల చేతులు కడుక్కుంటూ ఒక్క క్షణం ఆగింది. నా చేతుల మీదనే అయితయి అని నవతతో అన్న మాట గుర్తొచ్చింది. అక్క చేతులు మాత్రం వేరే చేతులా అనుకొని, బ్రష్షులు, రంగు డబ్బా తీసుకొని బయలుదేరింది.

ఆదివారం పొద్దున లైబ్రరీ సందులో బల్ల మీద తెల్లదుప్పటి పరిచారు. వెనక మంజుల రాసిన బోర్డు: పాలు లేవు, వెన్న లేదు, నెయ్యి లేదు, గుడ్డు లేదు, తేనె లేదు. మనసు ఉంది. చివరి మాట ఉదయశ్రీ చెప్పి రాయించింది. ప్రతి పొట్లం మీద 'చేసిన వారు: మంజుల' అని చీటీ అంటించమన్నది కూడా ఆమే. "పాలు పోసే ఇంటి బిడ్డ చేసిందంటే జనం నమ్ముతరు," అంది.

చదువుకునే పిల్లలు పుస్తకాల సంచులతో గుంపులుగా వచ్చారు. పార్కులో నడక ముగించుకున్న పెద్దవాళ్ళు వచ్చారు.

"అక్కా, ఇది తింటే గ్రూప్ టూ వస్తదా?" అని ఒక పిల్లగాడు అడిగాడు.

"రాదు తమ్మీ. నోటిఫికేషన్ వచ్చేదాక ఓపికైతే వస్తది," అంది మంజుల. గుంపంతా గొల్లున నవ్వింది.

ఉదయశ్రీ మైకు అందించింది. మంజుల గడ్డి దుడ్డె గురించి చెప్పింది. ఆ రోజు మామూలుగా చెప్పని ఆఖరి భాగం కూడా చెప్పింది. ఒకరోజు పొద్దున గడ్డి దుడ్డె పొట్ట దగ్గర కుట్లు ఊడి గడ్డి బయటికొచ్చింది. బర్రె నాకుతుంటే నోట్లోకి గడ్డి వచ్చింది. అది ఒక్కసారి ఆగి, తల ఎత్తి, దుడ్డెను పట్టుకున్న మంజులను చూసింది. తర్వాత అటు తిరిగి నిలబడింది. మళ్ళీ ఈనేదాకా ఒక్క చుక్క కూడా చేపలేదు. మంజుల ఏడవలేదు. బల్ల ముందు నిలబడ్డవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఏడ్చారు.

అప్పుడే నవత వచ్చింది. పండక్కి కట్టుకునే ఆకుపచ్చ డ్రెస్సు వేసుకొని వచ్చింది.

"ఏదే నా పెద్ద ముక్క?"

మంజుల కొత్త కేకు కోసి ఇచ్చింది. నవత దాన్ని చేతిలో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది, కరిచేముందు ఒకసారి మంజుల కళ్ళలోకి చూసింది, నిజంగానే కళ్ళు మూసుకొని కొరికింది. నమిలింది. కళ్ళు తెరవకుండానే, "మంజూ, గింత మెత్తగుంటదానే కేకంటే?" అంది. మంజుల గబగబా ఫోను తీసింది. ఇన్నేళ్ళకు నవత కేకు తింటుంటే వేరేవాళ్ళు ఫోటో తీశారు. ముక్క మొత్తం తిని, వేళ్ళకు అంటిన పొడి కూడా నాకి, ఇంకో ముక్క తీసుకుంది.

రెండో ముక్క సగంలో మెడ గోక్కుంది. చీమ కుట్టిందేమో అనుకున్నారు. ఇంతలో పెదవి ఉబ్బింది. దగ్గు మొదలైంది. దగ్గులో ఈల లాంటి చప్పుడు వచ్చింది. నవత చేతిలోని సగం ముక్కను మంజులకు చూపించింది. మంజుల ఆ ముక్క లాక్కొని వాసన చూసింది. అరటిపండు, బెల్లం, ఏలకులు. వాటి కింద మునగాకు వేసి కాచిన నెయ్యి. ఆ వాసన మధ్యే పుట్టి పెరిగింది. ఆమె ముక్కు అబద్ధం చెప్పదు.

ఆటో దొరికేసరికి నవత కూర్చోలేని స్థితిలో ఉంది. నవత తన బ్యాగులో ఎప్పుడూ పెట్టుకునే మాత్రను మంజుల తీసి ఆమె నాలుక మీద పెట్టింది. నారాయణగూడ చౌరస్తా దాకా దారి పొడుగునా నవత ఆమె మణికట్టు వదల్లేదు. నర్సింగ్ హోమ్‌లో లోపలికి తీసుకుపోతుంటే నర్సు ఆ వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

ఇంజెక్షన్లు ఇచ్చారు, మూతికి ఆక్సిజన్ పెట్టారు. గండం గడిచింది, రేపటిదాకా ఇక్కడే ఉండాలని డాక్టరు చెప్పాక మంజుల వరండాలోకి వచ్చి ఉదయశ్రీకి ఫోన్ చేసింది.

"అక్కా, కేకులు ఆపెయ్. అండ్ల నెయ్యి పడ్డది."

ఉదయశ్రీ అడిగింది. "ఎవరన్నరు?"

"నేనే అంటున్న. వాసన చూసిన."

"సరే, నువ్వు ఆమె దగ్గర ఉండు. ఎవరితోని ఏం అనకు. నేను చూసుకుంట."

ఫోన్ పెట్టేశాక మంజుల చాలాసేపు ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. నెయ్యి ఎట్ల పడ్డది అని అక్క అడగలేదు. నవత ఎట్లుంది అని కూడా అడగలేదు. ఎవరన్నరు అని అడిగింది.

మధ్యాహ్నం ప్రభావతమ్మ ఆటోలో ఒక్కతే వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. మంజులను చూడగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"చారన్నం తెచ్చిన. నువ్వు పొద్దటి సంది ఏం తినలేదు. ఇండ్ల నెయ్యి లేదమ్మా, ఒట్టు."

"కేకుల మీద మీరే ఏసిన్రా ఆంటీ?"

"అభిఘారం జేసిన," అంది ప్రభావతమ్మ, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "మా ఇంట్ల నెయ్యి చుక్క పడకుండ ఏదీ దేవుని ముందు పెట్టం, మనిషికి పెట్టం. మా అత్తగారు నేర్పిన పద్ధతి. ఇంతమందికి పెట్టేటప్పుడు వట్టిగ పంపితే పాపం గాదా? అందుకే వేడి వేడి కేకుల మీద నీ నెయ్యి పూసిన. ఆఖరి కేకులకొచ్చేసరికి సీసా అడుగుకొచ్చింది. అడుగున మడ్డి ఉంటే అది గూడ రాసిన, వాసన బాగుంటదని. నీ స్నేహితురాలి సంగతి నాకు తెల్వదు తల్లీ. తెలిస్తే చేద్దునా?"

మంజుల ఆమె చేతులు పట్టుకుంది. నిజంగానే తెలియదు ఈమెకు. నెయ్యి లేకపోవడం ఒక మాట అని, ఆ మాట మీద ఒక మనిషి ఊపిరి ఆధారపడి ఉందని ఎవరూ ఈమెకు చెప్పలేదు.

"అక్కకు చెప్పకుండ చేసిన్రా?"

"అయ్యో, చెప్పకుండ ఎట్ల జేస్త? అడిగే ఏసిన. తిని చూసింది, ఇప్పుడు కుదిరిందమ్మా అన్నది." ప్రభావతమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీకు మాత్రం చెప్పొద్దన్నది. నువ్వు పరేషాన్ అయితవని."

మంజుల చేతులు వాటంతటవే వదిలేశాయి. చారన్నం డబ్బా బెంచీ మీద అట్లానే ఉండిపోయింది.

సాయంత్రానికి నవత తండ్రి మాసయ్య వచ్చాడు. పొలం నుంచి నేరుగా బస్సెక్కినట్టున్నాడు, చెప్పులకు మట్టి ఆరి ఉంది. మంజుల మందులు తీసుకొని మెట్లెక్కుతుంటే పై వరండాలో ఉదయశ్రీ గొంతు వినబడింది.

"నెయ్యి మా ఇంట్లది కాదండి. నేనసలు నెయ్యే ముట్ట. మంజుల వాళ్ళ ఊరి నుంచి తెచ్చింది. పొట్లాల మీద పేరు గూడ ఆమెదే ఉంది, చూడున్రి."

మంజుల పైమెట్టు మీద నిలబడిపోయింది. ఉదయశ్రీ పక్కనే ప్రభావతమ్మ ఉంది. మంజుల ఆమె వైపు చూసింది. ఒక్క మాట చాలు. ప్రభావతమ్మ పెదవులు కదిలాయి. కూతురు ఆమె మోచేతి మీద చేయి వేసింది. ప్రభావతమ్మ తల దించుకొని నేల మీది గచ్చు పగులు చూస్తూ ఉండిపోయింది.

మాసయ్య మంజుల దగ్గరికి వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నెయ్యి నువ్వు తెచ్చిందేనట గదా బిడ్డా?"

"సీసా నాదే బాపూ. కేకుల మీద నేను ఏయలేదు."

"నువ్వు జేసినవంటేనే తిన్నదట నా బిడ్డ. పొద్దున ఫోన్ల మురిసింది. బాపూ, ఇయ్యాల కేకు తింటున్న అన్నది." తువ్వాలు మొహానికి పెట్టుకొని గదిలోకి వెళ్ళిపోయాడు.

ఉదయశ్రీ మంజులను మెట్ల మూలకు తీసుకుపోయింది. గొంతు తగ్గించి, ఎప్పటి ప్రేమతోనే మాట్లాడింది.

"చెల్లె, కోపం దెచ్చుకోకు. నేను అబద్ధం ఏం చెప్పలేదు. నెయ్యి నీదే గద?"

"నాకు చెప్పొద్దన్నది నువ్వే గద అక్కా."

ఉదయశ్రీ మొహం ఒక్క క్షణం మారింది. "ఒక్క చుక్క మంజులా! అమ్మ మనసు కష్టపెట్టుడెందుకని ఊకున్న. రుచి బాగుంటెనే జనం మన దిక్కు వస్తరు. వచ్చినంక నెమ్మదిగ చెప్పుకుంటం. ఎవరికి ప్రాణం మీదికొస్తదని నేను కలగన్ననా?"

"నీకు చెప్పిన. నవతకు పాలు పడవని చెప్పిన. అందుకే గిన్నెలు తోమిన గద, నువ్వు చూస్తనే ఉన్నవ్."

"ఇప్పుడేమంటవ్? అందరికీ చెప్పి మన పనిని బద్నాం చేస్తవా? షెడ్డు ఆగిపోనియ్యాలా? ఆ కుక్కల మొహం జూసన్న..." ఆమె మంజుల భుజం మీద చేయి వేసింది. "నీ పేరు నలుగురూ మర్చిపోతరు. బృందం పేరు పోతే మళ్ళ రాదు. వచ్చే నెల హిమాయత్‌నగర్ల పెద్ద ప్రోగ్రాం ఉంది. నువ్వే మాట్లాడాలె. నీ లెక్క గడ్డి దుడ్డె ముచ్చట ఇంకెవరు చెప్తరు?"

భుజం మీది ఆ చేయి మొదటి రోజు మెడ చుట్టూ వేసిన చేయే. అంతే వెచ్చగా ఉంది. ఇన్నాళ్ళూ ఆ వెచ్చదనం కోసమే ఎండలో కరపత్రాలు పంచింది, చదువు పక్కనపెట్టి ప్రతి మీటింగుకూ పోయింది, తల్లి కళ్ళలో నీళ్ళు చూసి కూడా మాట మార్చలేదు. మంజుల పక్కకు జరిగింది. చేయి జారిపోయింది.

"గడ్డి బయటికొచ్చిందక్కా," అంది.

కిందికి వెళ్ళి, ఆస్పత్రి గేటు పక్కన నిలబడి తల్లికి ఫోన్ చేసింది. సీసా ఎవరికిచ్చిందో, అది ఎక్కడ తేలిందో అన్నీ చెప్పింది. తిడుతుందనుకుంది. భూదేవి అంతా విని అడిగిన మొదటి మాట:

"ఆ పిల్లకు ఇప్పుడెట్లుందే?"

మంజుల అప్పుడు ఏడ్చింది. పొద్దున మైకు ముందు ఆపుకున్నది, మెట్ల మూల ఆపుకున్నది, అంతా రోడ్డు మీద ఏడ్చింది.

మర్నాడు ఆస్పత్రి నుంచి నవతను పంపించేశారు. మాసయ్య కూతురిని ఊరికి తీసుకుపోతానన్నాడు. మంజుల హాస్టల్ గదిలో ఆమె పుస్తకాలు సర్దిపెట్టింది. నవత మంచం మీద కూర్చొని చూస్తూ ఉంది. పెదవుల వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

"మంజూ, నీకు తెల్వదు గదా?"

"తెల్వదే."

"తెల్వదని నాకు తెలుసు. బాపుకు గూడ అదే చెప్పిన. ఆయన నమ్ముతడో లేదో." పుస్తకాల వైపు చూసి అంది, "కానీ నువ్వే జేస్తనన్నవ్."

మంజుల చేతిలోని పుస్తకాన్ని సంచిలో పెట్టింది.

వెళ్ళేముందు నవత, మంజుల ఫోను చేతిలోకి తీసుకొని ఆదివారం నాటి ఫోటో చూసింది. కళ్ళు మూసుకొని, చెంప నిండా కేకుతో, ఆకుపచ్చ డ్రెస్సులో తను. డిలీట్ చేస్తుందనుకుంది మంజుల. చేయలేదు. "మస్తుండె ఆ కేకు," అంది, నవ్వబోయి దగ్గింది.

ఉదయశ్రీ బృందం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. షెడ్డు కట్టారు, అందులో కుక్కలకు వైద్యం జరుగుతోంది, అది మంచి సంగతే. మంజుల అటు పోలేదు. పాలు మాత్రం మళ్ళీ ముట్టలేదు. ఆ సంగతి బర్రెకూ తనకూ మధ్యది, దానికి ఉదయశ్రీతో పని లేదనుకుంది. లైబ్రరీ సందులో కొందరు ఇప్పటికీ ఆమెను చూసి నెయ్యి పిల్ల అని గుసగుసలు పోతారు. తలుపు పక్క మంచం మీద కూర్చొని ఆమె చదువుకుంటూనే ఉంది. కిటికీ పక్క మంచంలోకి వేరే అమ్మాయి వచ్చింది.

మీరు మంజులను గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు. ఉదయశ్రీని తిట్టుకోనూ అక్కర్లేదు. ఎక్కడైనా కేకు కోస్తున్నప్పుడు పక్కన నిలబడి అందరికీ ఫోటోలు తీసే అమ్మాయి ఒకతె కనబడితే, ముక్క పట్టుకొని బలవంతం చేయకండి. అందులో ఏమేం ఉన్నాయో మీకు సొంతంగా తెలిస్తేనే చెప్పండి, తెలియకపోతే తెలియదనండి. ఆ కాస్తంత సేపు నవతను గుర్తు చేసుకోండి. ఒక మాటను నమ్మి, కళ్ళు మూసుకొని తిన్నది ఆమె.